రాత్రి పూట ఆగగలిగే చిల్లర్ కొనండి

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది విజయనగరం. అయ్యకోనేరు గట్టు దగ్గర మేడ మీద వాటాలో అద్దెకుంటున్నాం. బెంగళూరులో ఉద్యోగం చేసిన రోజుల్లో ఒక స్నేహితుడి దగ్గర పులియబెట్టే పానీయాలు చేయడం నేర్చుకున్నాను. ఇప్పుడు 30 లీటర్ల స్టీలు ట్యాంకులు రెండు కొన్నాను. ఒక దాంట్లో అల్లం కొంబుచా (టీని పులియబెట్టి చేసే పానీయం) పులుస్తుంటే, రెండో దాంట్లో తయారైన సరుకు 4 డిగ్రీల దగ్గర చల్లగా ఉండాలి. విశాఖలో రెండు కేఫ్‌లకి ఇస్తున్నాను. మెల్లగా బీరు కూడా ఇంట్లో తయారు చేద్దామని ఉంది. అందుకని గ్లైకాల్ చిల్లర్, అంటే గడ్డకట్టని గ్లైకాల్ ద్రవాన్ని చల్లబరిచి పైపుల్లో ట్యాంకులకి పంపే మిషన్, కొనాలనుకుంటున్నాను. ఇబ్బందల్లా ఒకటే. కింద వాటాలో ఓనరు గారి అమ్మాయి సంగీత కళాశాలలో గాత్రం నేర్చుకుంటోంది. తెల్లవారుజామున అయిదింటికే సాధనకి కూర్చుంటుంది. మా పాత డీప్ ఫ్రీజర్ మోతకే "శ్రుతి నిలవడం లేదండీ" అంది. చప్పుడు చేయని చిల్లర్ ఏదో చెప్పండి. అంత డబ్బు పోసి కొన్నాక ఇల్లు ఖాళీ చేయాల్సి వస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది.
— పేరు వద్దన్న పాఠకుడు, విజయనగరం

జవాబు: బాబూ, ముందు ఆ అమ్మాయి అన్న మాట గురించి చెబుతాను. ఆ పిల్ల చెప్పింది అక్షరాలా నిజం.

మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు తిరుగుతుంది. దానితో నడిచే మోటారులోని ఇనుము అందుకు రెట్టింపు, అంటే సెకనుకు 100 సార్లు అదురుతుంది. ఫ్రీజరు దగ్గర నిలబడితే వినిపించే "గుంయ్" అదే. దానితో పాటు 200, 300 కూడా సన్నగా కలిసి వస్తాయి. ఇక సంగీతం వైపు చూడండి. ఆడపిల్లలు చాలామంది అయిదు, అయిదున్నర శ్రుతుల్లో పాడతారు. అయిదు శ్రుతికి షడ్జమం, అంటే "స", సెకనుకు 196 అదురుల దగ్గర ఉంటుంది. పక్కన తంబురా 196 అని పలుకుతుంటే, పైకప్పు లోంచి మీ ఫ్రీజరు 200 అంటోంది. తేడా నాలుగే. ఇంత దగ్గరి స్వరాలు రెండు కలిస్తే ఆ తేడా ఎంతో అన్నిసార్లు, అంటే సెకనుకు నాలుగు సార్లు, నాదం పెరిగి తగ్గుతూ ఊగుతుంది. వీణ తీగలు శ్రుతి చేసేటప్పుడు సరిగ్గా ఆ ఊగుని పోగొట్టడానికే బిరడాలు తిప్పుతారు. ఆ అమ్మాయి ఎంత తిప్పినా ఊగు పోదు, ఎందుకంటే రెండో తీగ మీ గదిలో ఉంది.

నేను ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. "ఈ చిల్లర్ ఎన్ని డెసిబెల్స్?" అని మీరు షాపులో అడుగుతారు. వాళ్లు 48 అనో 52 అనో ఒక అంకె చెబుతారు. ఎంత దూరంలో కొలిచారో చాలామంది చెప్పరు. మీటరు దూరంలో కొలిచిన 50కీ, మూడు మీటర్ల దూరంలో కొలిచిన 50కీ చాలా తేడా ఉంది. ఆరుబయట దూరం రెట్టింపైతే ఆరు డెసిబెల్స్ తగ్గుతుంది, గదిలో అంత కూడా తగ్గదు. పైగా ఆ అంకె గాలిలో వచ్చే మోతని మాత్రమే చెబుతుంది. స్లాబు లోంచి కిందికి దిగే అదురు అందులో లేదు. మీ ఇంట్లో గొడవంతా ఆ అదురుతోనే. ఫ్యాను చేసే "హుష్" శబ్దం 45 ఉన్నా ఆ అమ్మాయి తట్టుకుంటుంది. స్లాబు మోసుకొచ్చే "గుంయ్" 30 ఉన్నా తట్టుకోలేదు.

ఇక బీరు సంగతి. దాన్ని ఈ లెక్కలోంచి తీసేయండి. లైసెన్సు లేకుండా బీరు తయారు చేయడం మన రాష్ట్రంలో 1968 నాటి ఎక్సైజ్ చట్టం కింద నేరం. ఇంట్లో తాగడానికే అన్నా ఆ మాట చెల్లదు. అమెరికాలో ఇంట్లో బీరు చేసుకోవడానికి 1978లో చట్టం అనుమతి ఇచ్చింది. అక్కడ ఆ సరదా బాగా పెరిగి, గరాజ్‌లో పెట్టుకునే చిన్న గ్లైకాల్ చిల్లర్లు చేసే కంపెనీలు వచ్చాయి. మీరు వీడియోల్లో చూసినవి చాలావరకు అవే అయి ఉంటాయి. అద్దె ఇంట్లో, ఒకరి పిల్ల చదువుకునే ఇంటి మీద, కేసు తెచ్చిపెట్టే పని వద్దు. కొంబుచా చాలు. అదీ మీరు అమ్ముతున్నారు కాబట్టి ఆహార భద్రత శాఖ దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి. ఇంకో సంగతి, కొంబుచాలోనూ ఈస్ట్ ఉంటుంది, కొంచెం ఆల్కహాల్ పుడుతుంది. 0.5 శాతం దాటితే అది చట్టం దృష్టిలో మద్యమే. తెల్లారి దించిన కల్లు మధ్యాహ్నం ఎండకి ఎలా ముదురుతుందో మన జిల్లాలో ఎవరికీ చెప్పక్కర్లేదు. సీసాలో పట్టాక వెచ్చగా ఉంచితే మీ కొంబుచా కూడా అంతే. ఆల్కహాల్ పెరుగుతుంది, గ్యాసు పెరుగుతుంది, ఒక్కోసారి సీసా పేలుతుంది. కాబట్టి ఆ 4 డిగ్రీలు రుచి కోసం మాత్రమే అనుకోకండి. రాత్రి కరెంటు పోయినా, మిషన్ ఆగినా ఆ చలి నిలవాలి.

మరి చిల్లర్ అవసరమా? ఒకటే ట్యాంకు, ఒకటే ఉష్ణోగ్రత అయితే వద్దనేవాడిని. మంచి ఇన్వర్టర్ ఫ్రిజ్ ఒకటి కొని, షెల్ఫులు తీసేసి, బయట ఒక థర్మోస్టాట్ తగిలించి, ట్యాంకుని అందులో దింపేస్తే దాన్ని మించిన నిశ్శబ్దం ఇంకోటి లేదు. మీది అలా కాదు. ఒకటి 25 దగ్గర పులవాలి, ఇంకోటి 4 దగ్గర ఉండాలి. మే నెలలో మీ మేడ మీద గది 35 తగ్గదు. మన అమ్మమ్మలు తరవాణి కుండని వంటింట్లో చల్లటి మూల చూసి పెట్టేవాళ్లు. స్లాబు కింద మేడ మీద వాటాలో అలాంటి మూల దొరకదు. రెండు ట్యాంకులు, రెండు రకాల చలి అన్నప్పుడు గ్లైకాలే సరైన దారి. ఒకటే చల్లటి తొట్టి, దాంట్లోంచి ఒక్కో ట్యాంకుకీ ఒక్కో చిన్న పంపు, ఒక్కో కంట్రోలరు. ఏ ట్యాంకు వేడెక్కితే ఆ పంపు తిరుగుతుంది.

అసలు కిటుకు ఆ తొట్టిలోనే ఉంది. నా ఉద్యోగమంతా పాల శీతలీకరణ కేంద్రాల్లో గడిచింది. పాత కేంద్రాల్లో ఐస్ బ్యాంక్ అని ఉండేది. పాలు వచ్చేది పొద్దునా సాయంత్రమూ రెండు మూడు గంటలే. ఆ కాసేపటికి పెద్ద మిషన్ పెట్టకుండా, చిన్న మిషన్‌తో తీరిక వేళల్లో నీళ్ల తొట్టిలో గొట్టాల చుట్టూ మంచు కట్టించేవాళ్లం. పాలు వచ్చినప్పుడు ఆ మంచు కరుగుతూ పాలని చల్లార్చేది. చలిని ముందే చేసి దాచుకోవడం అన్నమాట. మీరు చేయాల్సిందీ అదే, వేళలు మాత్రం వేరు. పగలు చలి చేసి తొట్టిలో దాచండి. రాత్రి పది నుంచి పొద్దున్న ఆ అమ్మాయి సాధన ముగిసేదాకా కంప్రెసర్ ఊసే ఉండకూడదు. ఒక చిన్న పంపు, అదీ గ్లైకాల్‌లో మునిగి ఉండేది, అప్పుడప్పుడూ తిరుగుతుంది. దాని చప్పుడు మీ గదిలోనే వినపడదు, కింది వాటా సంగతి చెప్పేదేముంది.

అందుకని నేను "అన్నిటికంటే నిశ్శబ్దమైన చిల్లర్" వెతకమని చెప్పను. రాత్రంతా, కనీసం ఎనిమిది గంటల సేపు, ఆగగలిగే చిల్లర్ వెతకమంటాను. ఇది కుదురుతుందా అని లెక్క వేసి చూశాను.

మీ చల్లటి ట్యాంకు ఒంటి వైశాల్యం సుమారు అర చదరపు మీటరు పైన ఉంటుంది. దానికి ఇచ్చే అయిదు మిల్లీమీటర్ల జాకెట్ మాత్రమే తొడిగితే, 34 డిగ్రీల గదిలో దాని లోపలికి 80 వాట్ల దాకా వేడి చొరబడుతుంది. అదే ట్యాంకుకి అంగుళం మందం నల్ల నైట్రైల్ రబ్బరు ఫోమ్ చుడితే పాతిక వాట్ల లోపుకి వస్తుంది. ఏసీ పైపుల మీద తొడుగుతారే, ఆ సరుకే షీటుగా కూడా దొరుకుతుంది. రెండో ట్యాంకు, తొట్టి, పంపులు అన్నీ కలిపి, ఇన్సులేషన్ సరిగ్గా ఉంటే మొత్తం 50 వాట్లు అనుకోండి. ఎనిమిది గంటలకి 400 వాట్ అవర్లు. 80 లీటర్ల గ్లైకాల్ తొట్టి ఆ వేడిని మింగితే నాలుగున్నర డిగ్రీలు పెరుగుతుంది. రాత్రి పదింటికి తొట్టి మైనస్ 3లో ఉంటే పొద్దున్న ఆరింటికి ఒకటిన్నర దగ్గర ఉంటుంది, ఎనిమిదింటిదాకా ఆగినా మూడు దాటదు. మీ సరుకు 4లోనే ఉంటుంది. అయిదు మిల్లీమీటర్ల జాకెట్‌తో సరిపెట్టుకుంటే ఈ లెక్క మూడింటికల్లా తప్పుతుంది, సరిగ్గా తెల్లవారుజామున కంప్రెసర్ లేస్తుంది. కాబట్టి చిల్లర్ మీద పెట్టాలనుకున్న డబ్బులో కొంత తీసి ఫోమ్ మీద పెట్టండి. నా మాటల్లో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి.

చాలా రెడీమేడ్ చిల్లర్లలో తొట్టి 15, 20 లీటర్లే ఉంటుంది. అది రాత్రికి చాలదు. అలాంటిది కొన్నా, పక్కన 80 లీటర్ల ఐస్ బాక్సు ఒకటి పెట్టి రెండిటినీ కలపవచ్చు. సముద్రం చేపలకి వాడే మందపాటి ఐస్ బాక్సులు చింతపల్లి వైపు, భోగాపురం వైపు బోట్ల వాళ్ల దగ్గర చూసే ఉంటారు. అవి ఈ పనికి పుట్టినట్టే ఉంటాయి.

ఇక మిషన్ ఎంతది కావాలి? 25 డిగ్రీల మీదున్న 30 లీటర్ల కొంబుచాని 4కి దింపడానికి ముప్పావు యూనిట్ వేడి లాగాలి (కరెంటు బిల్లులో యూనిట్టే, 1000 వాట్ అవర్లు). రోజంతా చొరబడే వేడి ఒకటింబావు యూనిట్. ఆ రోజు మొత్తం రెండు యూనిట్లు. మిషన్ పగలు పద్నాలుగు గంటలు మాత్రమే తిరుగుతుంది కాబట్టి సగటున 140 వాట్ల చొప్పున లాగితే చాలు. వేసవికీ, మర్చిపోయి తలుపు తీసి ఉంచినదానికీ కలిపి రెట్టింపు వేసుకోండి. 300 వాట్లు. అయితే షాపులో ఇలా అడగాలి: "బయట 40 డిగ్రీలు, తొట్టి మైనస్ 5. అప్పుడు ఎన్ని వాట్లు లాగుతుంది?" చాలా పెట్టెల మీద రాసే అంకె బయట పాతికా, నీళ్లు పదిహేనో ఇరవయ్యో ఉన్నప్పటిది. చల్లబరిచే నీళ్లు ఎంత చల్లగా ఉంటే, బయట గాలి ఎంత వేడిగా ఉంటే మిషన్ సత్తా అంత పడిపోతుంది. ఈ ప్రశ్నకి టేబుల్ తీసి చూపించినవాడి దగ్గర కొనండి. "ఎంతైనా లాగుతుందండీ" అన్నవాడికి దండం పెట్టి వచ్చేయండి.

అలాగే రెండు రకాల మిషన్లు చవగ్గా కనిపించి మిమ్మల్ని లాగుతాయి. ఒకటి, లేజర్ చెక్కుడు మిషన్లకి అమ్మే చిల్లర్లు. వాటిలో సీడబ్ల్యూ-3000 అన్నదానికి లోపల కంప్రెసరే లేదు. రేడియేటరూ ఫ్యానూ ఉంటాయి, గది కంటే చల్లగా నీళ్లని ఎప్పటికీ చేయలేదు. సీడబ్ల్యూ-5200కి కంప్రెసర్ ఉంది కానీ అయిదు డిగ్రీల కిందికి దిగేలా చేసింది కాదు. పులిసే ట్యాంకు ఒక్కదానికైతే సరిపోతుంది, మీ 4 డిగ్రీలకి పనికిరాదు. అక్వేరియం చిల్లర్ల సంగతీ ఇంచుమించు ఇంతే. రెండోది, అమెరికా నుంచి బంధువులు తెచ్చే చిల్లర్. అక్కడ 115 వోల్టులు, సెకనుకు 60 సైకిళ్లు (ఆవృత్తులు). ట్రాన్స్‌ఫార్మర్ పెడితే వోల్టులు కలుస్తాయి, సైకిళ్లు కలవవు. 60కి చుట్టిన మోటారు 50 మీద ఆరో వంతు నెమ్మదిగా తిరుగుతూ, ఎక్కువ వేడెక్కుతూ, ఎక్కువ గుంయ్‌మంటుంది. మీరు పారిపోవాలనుకుంటున్న శబ్దాన్నే సూట్‌కేసులో తెచ్చుకున్నట్టవుతుంది.

పాత విండో ఏసీ విప్పి దాని కాయిల్‌ని తొట్టిలో ముంచే పద్ధతి కూడా మీరు చూసే ఉంటారు. ఆరుబయట షెడ్డుంటే చేసుకోవచ్చు. మీ ఇంట్లో వద్దు. విండో ఏసీ మోత సంగతి తెలిసిందే, పైగా కొత్త ఏసీల్లో ఉండే ఆర్-32 మండే స్వభావం ఉన్న గ్యాసు. పైపు వంచుతుంటే చిరిగితే మూసిన గదిలో ప్రమాదం.

కంప్రెసర్ విషయంలో ఇన్వర్టర్ రకం దొరికితే కొంచెం ఎక్కువైనా అదే తీసుకోండి. మామూలు కంప్రెసర్ ఆన్ అయితే పూర్తి వేగం, లేకపోతే సున్నా. మొదలయ్యేటప్పుడు ఒక కుదుపు, ఆగేటప్పుడు "గడగడ"మని ఇంకో కుదుపు. నిద్రలో ఉన్నవాళ్లని లేపేది నడిచే మోత కాదు, ఈ కుదుపులే. ఇన్వర్టర్ మెల్లగా లేచి, మెల్లగా తిరుగుతూ, ఎక్కువ సేపు నడుస్తుంది. దాని అదురు వేగాన్ని బట్టి మారుతుంది కాబట్టి 100 దగ్గరే కూర్చోదు. ఇన్వర్టర్ దొరక్కపోతే కుంగిపోకండి. పగలు మాత్రమే నడిచే మిషన్‌కి మామూలు కంప్రెసరైనా సరిపోతుంది. ఫ్యాను విషయం మాత్రం చూడండి. చిన్న ఫ్యాను వేగంగా తిరగడం కంటే పెద్ద ఫ్యాను నెమ్మదిగా తిరగడం ఎప్పుడూ మంచిది. ఫ్యాను వేగం అయిదో వంతు తగ్గితే మోత దాదాపు అయిదు డెసిబెల్స్ పడిపోతుంది, గాలి మాత్రం అయిదో వంతే తగ్గుతుంది.

కొనే ముందు షాపులో తొట్టి నింపించి ఇరవై నిమిషాలు నడిపించండి. ఖాళీ మిషన్ మోత లెక్కలోకి రాదు. నడుస్తుండగా అరచెయ్యి పక్క రేకు మీద ఆనించండి. చెయ్యి పెట్టగానే శబ్దం మారితే ఆ రేకే మోగుతోందన్నమాట, రెండు స్క్రూలు, ఒక రబ్బరు ముక్కతో పోయే జబ్బు అది. మారకపోతే శబ్దం లోపలిది. తర్వాత చెయ్యి నేల మీద పెట్టండి. సిమెంటు గచ్చు మీద కూడా అరచేతికి సన్నగా చీమలు పాకినట్టు తెలిస్తే ఆ మిషన్ మీ స్లాబు మీదకి వద్దు. ఫోనులో డెసిబెల్ యాప్ పెట్టుకుని వెళ్లండి. అది చెప్పే అంకెని నమ్మొద్దు కానీ, ఒకే షాపులో రెండు మిషన్లని పోల్చి చూడటానికి పనికొస్తుంది.

ఇంటికి తెచ్చాక ఎక్కడ పెడతారన్నది, ఏది కొన్నారన్నదాని కంటే పెద్ద విషయం. గ్లైకాల్‌తో ఉన్న గొప్ప సుఖం ఏమిటంటే ట్యాంకులు ఒక చోట, మిషన్ ఇంకో చోట ఉండొచ్చు. నాలుగయిదు మీటర్ల పైపు పెద్ద లెక్క కాదు. ఆ అమ్మాయి కూర్చునే గదికి సరిగ్గా పైన మాత్రం పెట్టకండి. గది మధ్యలోనూ పెట్టకండి, స్లాబు అక్కడే ఎక్కువ ఊగుతుంది. స్తంభం దగ్గరగా, దూలం మీదుగా, మెట్ల వైపు బాల్కనీలో నీడ పట్టున పెట్టండి. కింద గ్రానైట్ పలక ఒకటి, దాని కింద రబ్బరు ప్యాడ్లు. ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. గట్టి రబ్బరు ముక్కలు నాలుగు పెట్టి పని అయిపోయిందనుకుంటారు. మిషన్ బరువుకి ప్యాడ్ రెండు మూడు మిల్లీమీటర్లయినా కుంగాలి. కుంగని ప్యాడ్ ఉన్నా లేనట్టే. మిషన్ పెట్టకముందు ప్యాడ్ ఎత్తు స్కేలుతో కొలవండి, పెట్టాక మళ్లీ కొలవండి.

నేను పని చేసిన ఒక కేంద్రంలో ఇదే గొడవ వచ్చింది. కంప్రెసర్ పక్క ఇంటి గోడకి పది అడుగుల దూరంలో ఉంది. అయినా ఆ ఇంట్లో పెద్దాయనకి నిద్ర పట్టడం లేదని రోజూ వచ్చి చెప్పేవారు. కంప్రెసర్ కింద ప్యాడ్లు రెండు సార్లు మార్చాం, ఏం తేడా రాలేదు. చివరికి ఒక మధ్యాహ్నం నేను ఆయన గదిలోకి వెళ్లి గోడకి చెవి ఆనించి విన్నాను. మోత గోడ లోపలి నుంచి వస్తోంది. మా రాగి పైపు ఆ ఉమ్మడి గోడకి ఇనుప క్లాంపులతో బిగించి ఉంది. కంప్రెసర్ అదురు పైపు పట్టుకుని నడిచి వెళ్లి ఆయన తలగడ దగ్గర దిగుతోంది. క్లాంపులు ఆరు ఊడదీసి, పైపుకి రబ్బరు తొడుగు వేసి వదులుగా వేలాడదీశాం. ఆ రాత్రి ఆయన పడుకున్నారు. మీ గ్లైకాల్ పైపుల్ని కూడా గోడకి బిగించకండి. మిషన్ దగ్గర ఒక చుట్టు వదులుగా వదిలి, అక్కడి నుంచి తీసుకెళ్లండి.

మోత తగ్గుతుందని మిషన్‌ని చెక్క పెట్టెలో మూసేస్తే మాత్రం తన వేడి గాలిని తనే పీల్చుకుని, రోజంతా ఆగకుండా తిరుగుతుంది. గాలి వచ్చే వైపూ పోయే వైపూ కనీసం అర మీటరు ఖాళీ ఉండాలి. అడ్డుగా ఏదైనా పెట్టాలనుకుంటే, శబ్దం నేరుగా మెట్ల మీదుగా కిందికి దిగకుండా ఒక వైపు మాత్రం పలక నిలబెట్టండి.

పైపుల ఇన్సులేషన్ ఒక్క అంగుళం కూడా వదలొద్దు. మన దగ్గర వేసవిలోనూ వానాకాలంలోనూ గాలిలో తేమ ఎంతో మీకు తెలుసు. పాతిక డిగ్రీల కంటే చల్లగా ఏది కనపడినా దాని మీద చెమట పడుతుంది. మైనస్ 3 పైపు జాయింటు దగ్గర రెండు వేళ్ల మేర విడిచిపెట్టినా అక్కడి నుంచి నీళ్లు కారుతూ ఉంటాయి. అవి స్లాబులోకి ఇంకి కింది వాటా పైకప్పు మీద పసుపు మరక పడిన రోజు, మోత గురించి మాట్లాడే అవసరమే ఉండదు.

గ్లైకాల్ కొనేటప్పుడు ఒళ్లు దగ్గర పెట్టుకోండి. మీకు కావాల్సింది ఆహారానికి వాడదగిన ప్రొపైలీన్ గ్లైకాల్. కారు కూలెంట్‌లో ఉండేది ఇథైలీన్ గ్లైకాల్, అది విషం, మూత్రపిండాల్ని పాడు చేస్తుంది. ట్యాంకు లోపలి కాయిల్‌కి సూది మొన అంత చిల్లు పడినా అది కొంబుచాలో కలుస్తుంది, తియ్యగా ఉంటుంది కాబట్టి నాలుకకి తెలియదు. 2022లో గాంబియాలో దగ్గు మందు తాగి పిల్లలు చనిపోయారని చదివే ఉంటారు, ఆ మందుల్లో డైఇథైలీన్ గ్లైకాల్, ఇథైలీన్ గ్లైకాల్ కలిసి ఉన్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించింది. అందుకని లేబుల్ లేని డబ్బాలో, విడిగా పోసి ఇచ్చేది వద్దు. బ్యాచ్ నంబరుతో పరీక్ష సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ల దగ్గరే తీసుకోండి. నూటికి 30 పాళ్లు గ్లైకాల్, మిగతాది నీళ్లు. ఆ కలయిక మైనస్ 13 దాకా గడ్డ కట్టదు, మీకు అది ఎక్కువే. ఇంకా చిక్కగా కలిపితే మంచిదనుకోకండి, చిక్కబడే కొద్దీ పంపు మూలుగుతుంది, చలిని మోసే శక్తి తగ్గుతుంది. బోరు నీళ్లు వద్దు, డిస్టిల్డ్ వాటర్ పోయండి.

కరెంటు సంగతి కూడా ఒక మాట. హుద్‌హుద్ వచ్చిన 2014 అక్టోబరులో మన వైపు ఎన్ని రోజులు చీకట్లో ఉన్నామో మర్చిపోలేం. అలాంటి వాటికి ఏ తొట్టీ చాలదు, సరుకు తీసి పంచేయడమే. కానీ రోజువారీ కోతలకి ఈ చల్లటి తొట్టే మీ ఇన్వర్టర్ బ్యాటరీ. పంపులూ కంట్రోలర్లూ రెండూ కలిపి ఇరవై వాట్లు దాటవు, వాటిని ఇంటి ఇన్వర్టర్ లైనులో కలపండి. కంప్రెసర్‌ని అందులో కలపొద్దు. దానికి స్టెబిలైజరూ, కరెంటు వచ్చాక మూడు నిమిషాలు ఆగి మొదలయ్యే టైమరూ ఉండాలి. పోయి వచ్చి, పోయి వచ్చే కరెంటులో వెంటవెంటనే లేస్తే కంప్రెసర్ కాలిపోతుంది.

కంప్రెసర్ వేళలు ఇలా పెట్టుకోండి. పొద్దున్న ఎనిమిది నుంచి పన్నెండు దాకా, మళ్లీ సాయంత్రం నాలుగు నుంచి రాత్రి పది దాకా. మధ్యాహ్నం మండే ఎండలో వీలైనంత తక్కువ నడపండి, ఆ వేళ ఒక్కో యూనిట్ చలికీ ఎక్కువ కరెంటు తాగుతుంది. కొత్త సరుకుని 4కి దింపే పని పొద్దున్నే మొదలుపెట్టండి, సాయంత్రం ఎప్పుడూ వద్దు. అలా దింపే రోజున మధ్యాహ్నం కూడా నడపక తప్పదు. శబ్ద కాలుష్య నిబంధనల్లో నివాస ప్రాంతాలకి పగలు 55, రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా 45 డెసిబెల్స్ అని ఉంది. మీరు ఆ అంకె దగ్గరే ఆగిపోకండి. 1919లో మొదలై, ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి ప్రిన్సిపాల్‌గా ఉన్న కళాశాలలో చదువుతున్న పిల్ల మీ కింద ఉంది. ద్వారం వెంకటస్వామినాయుడు గారు వయొలిన్ చెప్పింది, ఘంటసాల చదువుకున్నది కూడా అక్కడే. తెల్లవారుజామున ఆ ఊళ్లో సరళీ స్వరాలు వినిపించడం ఎంత పాత సంగతో నాకంటే మీకే బాగా తెలుసు.

డబ్బు కట్టే ముందు ఇంకో పని చేయండి. రేపు తెల్లవారుజామున మీ పాత ఫ్రీజరు నడుస్తుండగానే ఓనరు గారి అనుమతి అడిగి కింది వాటాకి వెళ్లండి, మీ ఆవిడని కూడా తీసుకెళ్లండి. ఆ అమ్మాయి సాధనకి కూర్చునే చోట తంబురా పెట్టించుకుని ఓ అయిదు నిమిషాలు కూర్చోండి. తర్వాత మీ ఆవిడని పైకి పంపి ఫ్రీజరు ఆపించండి. ఆగిన క్షణంలో ఏం మారిందో మీ చెవులతో వినండి. గదిలో ఏ గోడ దగ్గర ఎక్కువ వినిపించిందో ఆ అమ్మాయినే అడిగి గుర్తు పెట్టుకోండి. చిల్లర్ ఎక్కడ పెట్టకూడదో ఆ గోడే చెబుతుంది. ఆ ఫ్రీజరు కింద కుంగే ప్యాడ్లు మాత్రం ఈ వారమే వేయించండి, కొత్త మిషన్ వచ్చేదాకా ఆగకండి.